కంటేజియన్, అంటువ్యాధి: మాట చూపే దారి, జబ్బు నడిచే దారి

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా చుట్టుపక్కల జబ్బుల వ్యాప్తి గురించి ఆలోచించే సంస్థలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. బాబా గంగనాథ్ మార్గ్‌లో జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ ఉంది. 1977లో రెండు పాత సంస్థలు కలిసి ఏర్పడిన ఈ సంస్థ ఆరోగ్యాధికారులకు శిక్షణ ఇస్తుంది. అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో జాతీయ ఇమ్యునాలజీ సంస్థ ఉంది. ఊరికి ఆనుకునే ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్యం, ప్రజారోగ్యం బోధించే కేంద్రం ఉంది. వీటి నడుమ పాత మునిర్కా గ్రామం: ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఒరుసుకున్న మేడలు, అద్దెగదుల్లో విద్యార్థులు, చిరుద్యోగులు. వారిలో ఈశాన్య రాష్ట్రాలవాళ్లు చాలామంది. 2020 మార్చిలో ఢిల్లీలోనూ ఇతర నగరాల్లోనూ ఈశాన్య యువతీయువకులను దారిన పోయేవాళ్లు ‘కరోనా’ అని పిలిచారు. కొన్నిచోట్ల మీద ఉమ్మారు. ఈ వేధింపులు ఆపించమని కేంద్ర హోంశాఖ మార్చి 21న రాష్ట్రాలన్నిటికీ లేఖ రాయాల్సి వచ్చింది. మనిషి ముఖం చూసి జబ్బునే చూసినట్టు జడుసుకునే ఈ అలవాటుకు కారణాలు అనేకం. జాతి విద్వేషం వాటిలో పెద్దది. మరో కారణం మీద మనం తగినంత దృష్టి పెట్టలేదని నా అభిప్రాయం. అది మాట. ఇంగ్లీషులో కంటేజియన్, తెలుగులో అంటువ్యాధి. రెండూ జబ్బు తాకిడి వల్ల వస్తుందని ముందే తేల్చేసి, మన చూపును నీటి నుంచీ గాలి నుంచీ దోమ నుంచీ మళ్లించి, ఎదుటి మనిషి ఒంటి మీద నిలిపాయి.

కంటేజియన్ లాటిన్ మూలం నుంచి వచ్చింది. ‘కలిసి’ అనే ఉపసర్గకు ‘తాకు’ అనే క్రియ చేరగా పుట్టింది. 14వ శతాబ్ది చివర ఇంగ్లీషులోకి వచ్చింది. దాని తోడు మాట ఇన్‌ఫెక్షన్. దాని మూలక్రియకు రంగులో ముంచడం, మరక చేయడం అని అర్థం. వీటికి పోటీగా శతాబ్దాలపాటు నిలిచిన గ్రీకు మాట మయాస్మా. అదీ మరకే, మైలే. హత్య చేసినవాడికి పట్టుకునే పాపపు మైలను గ్రీకులు ఆ పేరుతో పిలిచేవారు. తరవాతి వైద్యులు దాన్ని కుళ్లిన నేలల నుంచి లేచే చెడుగాలికి పెట్టారు. యూరప్ వైద్యం వాడుకున్న మూడు ముఖ్యమైన మాటల్లోనూ తాకిడో మరకో మైలో ఉంది. లాటిన్‌లోనే కంటేజియన్ జబ్బుకు ఎంతగా వర్తించేదో చెడు సావాసానికీ దుర్గుణానికీ అంతగా వర్తించేది. ఆ విస్తృతి ఇంకా పోలేదు. 1997లో థాయ్‌లాండ్ కరెన్సీ పడిపోయి ఆ పతనం పొరుగు దేశాలకు పాకినప్పుడు ఆర్థికవేత్తలు వాడిన మాట ఇదే.

ఈ మాటను వైద్యంలో బిగించి కట్టే ప్రయత్నం చేసినవాడు ఇటలీ వైద్యుడు జిరోలమో ఫ్రకస్టోరో. 1546లో అచ్చయిన గ్రంథంలో ఆయన కంటేజియన్‌ను మూడు రకాలు చేశాడు: నేరుగా తాకడం వల్ల వచ్చేది, బట్టలూ వస్తువుల ద్వారా వచ్చేది, దూరం నుంచి వచ్చేది. వస్తువుల్లో దాగే బీజానికి ఆయన పెట్టిన పేరుకు లాటిన్‌లో అర్థం నిప్పు రాజుకునే ఎండుగడ్డి, ఎండుపుల్ల. మనం కూడా నిప్పు అంటుకుంది అంటాం కాబట్టి ఈ ఊహ తెలుగు పాఠకుడికి కొత్తగా తోచదు. అయితే గమనించాల్సింది మూడో రకాన్ని. తాకకుండా వచ్చేదాన్ని కూడా ఆయన తాకిడి అనే మాట కిందికే తేవాల్సి వచ్చింది. విషయం ఎదిగింది, మాట ఎదగలేదు.

తెలుగు వైపు చూస్తే చిక్కు ఇంకా లోతు. అంటు అంటే తాకు, అతుక్కొను. మామిడికి అంటుకట్టినప్పుడు ఆ మాట మంచికే. తిన్న కంచాలు అంట్లు అయినప్పుడు అందులో ఎంగిలి చేరింది. అంటు, ముట్టు, మైల ఒక వరసలో నిలిచినప్పుడు పురుడూ చావూ నెలసరీ వచ్చి చేరాయి. ఆ మాటే అంటరానితనమై కోట్లమందిని ఊరికి అవతల నిలబెట్టింది. అలాంటి బరువు మోస్తున్న మాటను వ్యాధికి ముందు తగిలించి అంటువ్యాధి అన్నాం. కలరా, మలేరియా, క్షయ, డెంగీ అన్నీ పత్రికల్లో ఆ గాటనే కట్టాం. నిజానికి తెలుగులో ఇతర మాటలకు కరువు లేదు. జ్వరం తగులుతుంది, జబ్బు సోకుతుంది, అతిసారం ప్రబలుతుంది, గత్తర (కలరా) వస్తుంది. సోకడం గాలికీ ఎండకూ కూడా చెల్లుతుంది, మనిషిని నిందించదు. సంస్కృత వైద్యంలో సుశ్రుత సంహిత నిదాన స్థానం కుష్ఠు, జ్వరం, శోష (క్షయ), కళ్ళకలక మనిషి నుంచి మనిషికి సంక్రమిస్తాయని చెబుతూ దారులను పేరుపేరునా చెప్పింది. శరీర స్పర్శ అందులో ఒకటి మాత్రమే. ఊపిరి, కలిసి తినడం, ఒకే పడక, ఒకే ఆసనం, ఇతరులు కట్టిన బట్టలు, ధరించిన దండలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఆ ‘సంక్రమించు’ అన్న క్రియకు అర్థం ఒకచోటి నుంచి మరోచోటికి దాటడం. ఎలా దాటిందో విడిగా చెప్పుకోవడానికి అది చోటు వదులుతుంది. అంటువ్యాధి ఆ చోటును పూడ్చేస్తుంది.

19వ శతాబ్దపు వైద్యులు ఇదే ఇరుకులో పడ్డారు. కలరా తాకిడి వల్ల వస్తుందని ఒక వర్గం, చెడుగాలి వల్లనని మరో వర్గం దశాబ్దాలపాటు కొట్లాడుకున్నాయి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావులను లెక్కగట్టి జాన్ స్నో మూడో జవాబు చూపాడు: నీళ్లు. 1884లో రాబర్ట్ కోహ్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని పట్టుకున్నాడు. అయినా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వపు పారిశుద్ధ్య అధికారులు కలరా అంటుకునేది కాదన్న మాటను పట్టుకుని వేలాడారు. అంటుకునేదని ఒప్పుకుంటే ఓడలను సూయజ్ దగ్గర రోజుల తరబడి ఆపుతారు, వ్యాపారం దెబ్బతింటుంది. అంటుకుంటుందా లేదా అనే ప్రశ్న దగ్గరే వాదం ఆగిపోవడం వల్ల ప్రభుత్వానికి తేలికైంది. ప్రశ్న ‘ఏ దారిన వస్తోంది’ అని ఉంటే మంచినీటి ఖర్చు లెక్క తేల్చాల్సి వచ్చేది.

ఇక్కడ 1897 సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ముందటి ఏడాది బొంబాయిలో ప్లేగు పుట్టింది. 1897 ఫిబ్రవరి 4న మహమ్మారి వ్యాధుల చట్టం వచ్చింది. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. మనుషులను తనిఖీ చేయడానికీ విడదీసి ఉంచడానికీ అందులో అధికారం ఉంది. ప్రమాదకరమైన మహమ్మారి వ్యాధి అంటే ఏమిటో మాత్రం అందులో ఎక్కడా నిర్వచనం లేదు. పుణేలో సైనికులు ఇళ్లలో చొరబడి ఆడవాళ్లనూ మగవాళ్లనూ పరీక్షలకు ఈడ్చారు, సామాన్లు తగలబెట్టారు. ఆ కసి మీదనే జూన్ 22 రాత్రి ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఇంత చేసినా అసలు దోషి ఎలుక మీది గోమారి అన్న సంగతి మరుసటి ఏడాది గానీ పాల్ లూయీ సిమోండ్ పరిశోధనలో బయటపడలేదు, దాన్ని నలుగురూ ఒప్పుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. మనుషులను వెతికినంత కాలం ఎలుకలు ఇళ్లు మారుతూనే ఉన్నాయి. పుణే కాల్పులకు రెండు నెలల తరవాత, ఆగస్టు 20న, సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి ఎదుగుదలను చూశాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. మలేరియా అన్న పేరుకే ఇటాలియన్‌లో చెడుగాలి అని అర్థం. ఆ పేరు అబద్ధమని తెలుగు గడ్డ మీద రుజువైన రోజది. మలేరియా రోగిని ఎన్నిసార్లు ముట్టుకున్నా ఆ జబ్బు రాదు. నిల్వనీటి పక్కన, దోమతెర లేకుండా నిద్రపోతే రావచ్చు. చట్టం మనిషిని వెంటాడిన ఏడాదే శాస్త్రం దోమను చూపింది. మన పాలనా వ్యవస్థకు చట్టం మిగిలింది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నిబంధనలు జారీ చేసింది కూడా ఆ 1897 చట్టం కిందనే.

క్షయ విషయంలో మాట చేసిన నష్టం మరింత నిశ్శబ్దంగా జరిగింది. క్షయ రోగిని ఇంటికి దూరంగా శానటోరియంలో ఉంచాలని, లేకపోతే కుటుంబమంతా పోతుందని అందరూ నమ్మారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఆ కాలపు పేరున్న శానటోరియం. మందులు లేని రోజుల్లో అది కొందరికి ఆసరా అయిన మాట నిజం. అలాంటి పడక దొరకనివాళ్లకు మిగిలింది వెలి. మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపు ఇంట్లో ఉండి మందులు తీసుకుంది, మరో గుంపు శానటోరియంలో. ఇంటి గుంపు ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో బతికే పేదలు. 1959లో ఫలితాలు వచ్చాయి: జబ్బు నయం కావడంలో ఇల్లు శానటోరియానికి దాదాపు సమానంగా నిలిచింది. తరవాత ఏళ్ల తరబడి గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనపు ముప్పు కనబడలేదు. ముప్పు ఏదైనా ఉంటే అది జబ్బు బయటపడక ముందు, మందు మొదలుపెట్టక ముందు, ఒకే గదిలో పంచుకున్న గాలిలో ఉంది. ప్రపంచమంతటా శానటోరియంలు మూతపడటానికి దారి తీసిన అధ్యయనాల్లో ఇది ముఖ్యమైనది. ఆ తరవాత బెంగళూరు జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబార్ బెనర్జీ, మన పల్లెల్లోని క్షయ రోగులు జబ్బును దాచుకుంటారన్న నమ్మకాన్ని పరీక్షించారు. స్టిగ్ అండర్సన్‌తో కలిసి 1963లో ప్రచురించిన అధ్యయనంలో రోగులలో అత్యధికులకు తమ లక్షణాలు తెలుసని, సగం మంది అప్పటికే ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లి వచ్చారని తేలింది. వాళ్లలో చాలామందికి దక్కింది దగ్గు మందు. లోపం రోగి దగ్గర లేదు, ఆసుపత్రి దగ్గర ఉంది. ఆ బెనర్జీయే తరవాత మునిర్కా పక్కన జేఎన్‌యూలో సామాజిక వైద్య కేంద్రాన్ని నిలబెట్టారు.

కుష్ఠు సంగతి చెబితే ఈ వాదనకు మరో సాక్ష్యం అక్కర్లేదు. తెలుగువాళ్లు భయంతో పెద్దరోగం అన్న ఈ జబ్బు నిజానికి అతి మందకొడిగా వ్యాపిస్తుంది. దాదాపు 95 శాతం మందికి సహజంగానే రక్షణ ఉంటుంది, మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి ఇతరులకు ముప్పు పోతుంది. జాతీయ ఇమ్యునాలజీ సంస్థ వ్యవస్థాపకుడు గురుశరణ్ ప్రాణ్ తల్వార్ బృందం కుష్ఠుకు టీకా తయారు చేసిన సూక్ష్మజీవికి మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ అని పేరు. ఆ చివరి మాటలో తల్వార్ పేరూ సంస్థ పేరూ కలిసి ఉన్నాయి. శాస్త్రం ఇంత దూరం వచ్చాక కూడా, హిందూ వివాహ చట్టంలో తీవ్రమైన, నయంకాని కుష్ఠు విడాకులకు కారణంగా 2019 దాకా కొనసాగింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం రద్దయింది 2016లో. నయమయ్యే జబ్బును నయంకానిదిగా చట్టంలో ఉంచిన మాట ఎన్ని కాపురాలను కూల్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కోవిడ్ వచ్చేసరికి పాత మాట కొత్త రూపంలో తిరిగొచ్చింది. 1910లో అమెరికా వైద్యుడు చార్లెస్ చేపిన్ జబ్బులు గాలి వల్ల కంటే తాకిడి వల్లనే వస్తాయని గట్టిగా వాదించాడు. మయాస్మా మూఢనమ్మకాన్ని వదిలించడానికి ఆ రోజుల్లో అది పనికొచ్చింది. ఆ వాదన వందేళ్లు పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వచ్చేది కాదని ప్రకటించింది. మనం కూరగాయలు కడిగాం, తలుపు గడియలు తుడిచాం, పాల ప్యాకెట్లకు శానిటైజర్ పూశాం. కిటికీలు మూసుకున్నాం. జూలైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ 239 మంది శాస్త్రవేత్తల మద్దతుతో గాలి దారిని గుర్తించమని బహిరంగ లేఖ రాశారు. పూర్తి అంగీకారం మరుసటి ఏడాది గానీ రాలేదు. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థే వివిధ శాస్త్రాల నిపుణులను కూర్చోబెట్టి మాటలను తిరగరాసింది. తుంపర, గాలి అని విడదీసిన పాత పదాలు గందరగోళానికి కారణమయ్యాయని ఒప్పుకుని, గాలి గుండా వ్యాప్తి అనే ఉమ్మడి మాట తెచ్చింది. ఈలోగా తాకిడి భయం ఏం చేసిందో మన కళ్లతో చూశాం. నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో మరణిస్తే, అంబత్తూరు శ్మశానంలో స్థానికులు దహనాన్ని అడ్డుకున్నారు. ఊపిరి ఆగిపోయిన మనిషి తుమ్మడు, దగ్గడు. కట్టుదిట్టంగా చుట్టి దహనం చేసే దేహం నుంచి వీధికి వచ్చే ముప్పు లేదు. అయినా అంటు అన్న భావన చితి దాకా వెంటబడింది. ‘సామాజిక దూరం’ అనే మాట కూడా అప్పుడే వచ్చింది. కులం పేరుతో దూరం పాటించిన దేశంలో ఆ మాట ఎలా వినిపిస్తుందో చాలామంది చెప్పారు. భౌతిక దూరం అనడం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలాగే మార్చుకుంది.

ఇంతకీ మాటలకు ఇంత శక్తి ఉందా అని అడగవచ్చు. అంటువ్యాధి అన్నవాడు ధాతువు తవ్వుకుని మాట్లాడడు, అది ఒట్టి పేరు అని వాదించవచ్చు. మలేరియా అని పిలుస్తూనే దోమల మందు కొట్టడం లేదా అనీ అనవచ్చు. మలేరియా విషయంలో ఆ మాట సరే, ఎందుకంటే ఇటాలియన్ అర్థం మన చెవికి వినబడదు. అంటు అర్థం మనకు వినబడుతుంది. రోజూ అంట్లు తోముకునే ఇంట్లో అది ఒట్టి పేరు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే మాటల వల్ల తడబడి, వాటిని దిద్దుకోవాల్సి వచ్చిందన్న వాస్తవం కంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి?

రెండో అభ్యంతరం బలమైనది: కొన్ని జబ్బులు నిజంగానే మనిషి నుంచి మనిషికి అంటుకుంటాయి కదా. అవును. గజ్జి, తామర, కళ్ళకలక తాకిడితో వస్తాయి. కళ్ళకలక వచ్చినవాడిని చూస్తేనే వస్తుందన్నది మాత్రం అపోహ, చేతులు, తువ్వాలు దాన్ని మోస్తాయి. మశూచి దగ్గరి సహవాసంతో పాకేది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి రాకపోకలు తగ్గించిన మన పెద్దలు సరైన పనే చేశారు. నేను అంటువ్యాధి అనే మాటను చెరిపేయమనడం లేదు. తాకితే వచ్చేదానికే దాన్ని పరిమితం చేయమంటున్నాను. భయం ఉంటేనే జనం జాగ్రత్తపడతారు కదా అనేవాళ్లకు జవాబు ఎయిడ్స్ కాలం ఇచ్చింది. ముట్టుకుంటే వస్తుందన్న భయం వల్ల పరీక్షకు రావాల్సినవాళ్లు దాక్కున్నారు, వాళ్ల పిల్లలు బడులకు దూరమయ్యారు. భయం తప్పు దారికి కాపలా కాస్తే అసలు దారి తెరిచే ఉంటుంది.

సాంక్రమిక వ్యాధి అంటే పల్లెలో ఎవరికి అర్థమవుతుందని మరికొందరు అంటారు. నిజమే, అది పాఠ్యపుస్తకపు మాట. దానికి బదులు తెలిసిన మాటలే చాలు: నీళ్ల వల్ల వచ్చే జబ్బు, దోమ వల్ల వచ్చే జ్వరం, గాలిలో పాకే దగ్గు. గత్తర అన్నప్పుడు తెలంగాణ పల్లెకు నీళ్లు కాచుకోవాలని తోచాలి, పక్కింటివాళ్ల గడప తొక్కకూడదని కాదు.

మునిర్కా సందుల్లో ఇది ప్రతి ఏడాదీ పనికొచ్చే విషయం. 2015లో ఢిల్లీలో డెంగీ 15 వేలకు పైగా మందిని పట్టింది. ఆ దోమ మురికి గుంటల్లో కంటే మేడ మీది నీటి డ్రమ్ములో, కిటికీకి బిగించిన కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో ఎక్కువ పెరుగుతుంది. మున్సిపల్ కార్పొరేషన్ తనిఖీ ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి కూలర్లు చూసేది అందుకే. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలే అద్దెగదిలో నలుగురు నిద్రపోతే క్షయకు కావాల్సిన గాలి అక్కడే ఉంది. ఆ గదిలోని మనిషి నాగాలాండ్ నుంచి వచ్చాడా నల్గొండ నుంచి వచ్చాడా అన్నది క్రిమికి తెలియదు. గది అద్దెకిచ్చినవారు ఒక కిటికీ తెరిచే వీలు చేస్తే, కూలర్ నీళ్లు వారానికోసారి పారబోస్తే, వెలివేతల వల్ల ఎన్నడూ దక్కని రక్షణ దక్కుతుంది.

తెలుగు పత్రికలకూ, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ, చట్టాలు రాసేవారికీ నా విన్నపం ఒక్కటే. జబ్బు వార్త రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే అది ఏ దారిన వస్తుందో రాయండి: నీళ్లా, గాలా, దోమా, రక్తమా, తాకిడా. తాకిడి అయితేనే అంటువ్యాధి అనండి. 1897 చట్టం స్థానంలో కొత్త చట్టం రాసే రోజు వచ్చినప్పుడు, మనుషుల్ని నిర్బంధించే అధికారం కంటే ముందు మంచినీరు, గాలీ వెలుతురూ ఉన్న నివాసం, దోమల నివారణ ప్రభుత్వ బాధ్యతలుగా అందులో చేర్చండి.